ఇంకింత చెయ్యొచ్చు అనిపిస్తుంటెనే ఆపుండ్రి

(మహబూబ్‌నగర్‌ల మా కాలనీ కమ్యూనిటీ హాల్ల పొద్దుగాల నడక అయినంక రిటైర్డ్ పీఈటీ (బడిల డ్రిల్లు) సారు మాట్లాడిన మాటలు ఇవి. ఫోన్ల రికార్డు చేసుకొని విన్నది విన్నట్టు టైపు కొట్టిన. నడుమ మైకు కీచుమన్నకాడ ఒకటి రెండు మాటలు పోయినయి.)

కూసోండ్రి, కూసోండ్రి. ఎనక నిలబడ్డోళ్లు ముందటికి రండ్రి, కుర్చీలు ఖాళీగనే ఉన్నయి. నడిచొచ్చినోళ్లు ముందుగాల నీళ్లు తాగుండ్రి. మైకు వద్దన్న నేను, ముప్పై ఏండ్లు గ్రౌండుల ఈలేసి అరిసిన గొంతు ఇది, దీనికి మైకు ఎందుకు. సరే, పెట్టిన్రు గదా, కానియ్యి.

నన్ను ఎందుకు మాట్లాడమన్నరంటే, జనవరి ఒకటో తారీఖు నాడు మన పార్కుల కాలు పెట్టనీకె జాగ ఉండదు, కొత్త బూట్లు, కొత్త టీషర్టులు, చెవులల్ల వైర్లు, సంక్రాంతికి ఊరికి పోయొచ్చేసరికి సగం మంది కనిపించరు, శివరాత్రికల్లా మళ్ల మన పాత పదిహేను మందిమే మిగులుతం. ఎందుకిట్ల అయితుంది సారూ, జర దీని మీద చెప్పుండ్రి అన్నరు. అందరు అనేది ఏంది, బద్ధకం అంటరు. నేను ఒప్పుకోను. బద్ధకమున్నోడు అసలు మొదలే పెట్టడు. వీళ్లు మొదలువెట్టిన్రు, అది గూడ మామూలుగ గాదు, మస్తు జోరుగ. ఆ జోరే వీళ్లను ఇంట్ల కూసోవెట్టింది.

మా నాయిన మట్టిపనికి వోయెటోడు. పాలమూరు లేబర్ అంటరు గదా, ఏ డ్యాం కాడ చూసినా మనోళ్లే ఉంటుండె అప్పుడు. గుంపు మేస్త్రి ఊర్లకొచ్చి అడ్వాన్సు ఇచ్చి ఆలుమగలను జతలు జతలుగ లారీ ఎక్కించుకొని వోయెటోడు, పిల్లలను ముసలోళ్ల కాడ ఇడిసిపెట్టి పోయెటోళ్లు, నేను గూడ మా అవ్వ కాడ అట్ల పెరిగినోడినే. నాయిన ఇంటికొచ్చినప్పుడల్లా ఒక ముచ్చట చెప్పెటోడు. గుంపులకు కొత్తగ పదహారు, పదిహేడేండ్ల పిలగాడు వస్తడు, జబ్బల బలముంటది, పొద్దుగాల గడ్డపార అందుకుంటే ఒకటే పోట్లు, పక్కన తవ్వే ముసలోళ్లను చూసి నవ్వుతడు. పగటీలికి అరిచేతుల పొక్కులు లేస్తయి, మాపటికి పగుల్తయి, తెల్లారి గుడ్డ చుట్టుకొని వస్తడు, మూడోనాడు జ్వరమొచ్చి గుడిసెల పంటడు. ముసలోడు మాత్రం ఒక్క తీరుగ, పోటుకు పోటుకు నడుమ ఊపిరి తీసుకుంట, గడ్డపారను ఎత్తుడు వరకే తన పని, దింపుడు దాని బరువు పని అన్నట్టు, పొద్దుమూకెదాక తవ్వుతడు, తెల్లారి మళ్ల తవ్వుతడు, ఎండాకాలం మొత్తం తవ్వుతడు. వారానికి కొలతలు కట్టేనాడు మేస్త్రి టేపు వెడితే ముసలోని గుంతనే పెద్దగుంటది. ఎట్లనే ఇది అని నేనడిగితే నాయిన ఒక్క మాటనే అనెటోడు, నిమ్మళంగ తవ్వుతడు బిడ్డా అని.

ఆ మాట విని పెరిగినోడిని, పైగ పీఈటీని, వేలమంది పిల్లలకు వార్మప్ చెయ్యుండ్రిరా అని చెప్పినోడిని, నేనేం చేసిననో చెప్త వినుండ్రి, నవ్వుకోండ్రి. 2019ల రిటైరైన. ఆర్నెల్లకు రక్తపరీక్ష చేయిస్తే పరగడుపున షుగరు 168 వచ్చింది. రోజు నడువుండ్రి సార్ అన్నడు డాక్టరు. నడుసుడా, నేనా, డ్రిల్లు మాస్టర్ను వట్టుకొని నడువుమంటుండు అని పౌరుషమొచ్చింది నాకు. తెల్లారి స్టేడియానికి పోయిన, ఐదు చుట్లు ఉరికిన. మొదటి రోజు మస్తుగుండె. మూడు వారాలు ఉరికిన, ఊపిరి గూడ మంచిగనే అందబట్టింది, ఇగ నా వయసు పదేండ్లు తగ్గిందనుకున్న. నాలుగో వారంల ఒకనాడు మడిమ పైన, పిక్క కింద, ఆ మందపాటి నరం ఉంటది సూడుండ్రి, అక్కడ సూదితోని గుచ్చినట్టయింది. రెండున్నర నెలలు కుంటిన. బాత్రూముకు పోనీకె గోడ వట్టుకొని నడిచిన. నాలుగు కిలోలు బరువు పెరిగిన. షుగరు సంగతి చెప్పనే వద్దు.

అప్పుడు కూసోని ఆలోచిస్తే, స్కూల్ల పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పిందే నాకు అప్పుడు తలకెక్కింది. ఒంట్ల అన్ని ఒకటే లెక్కన తయారుగావు. గుండె, ఊపిరి కొన్ని వారాలల్లనే దారికొస్తయి, కండలు ఇంకింత టైము తీసుకుంటయి, కానీ కండను ఎముకకు కట్టివెట్టే ఆ తాడు లాంటి నరం ఉంది సూడు, టెండన్ అంటరు, దానికి రక్తం అందేదే తక్కువ, అది నెలలు తీసుకుంటది. అందుకే దెబ్బ మొదటి రోజు తగలదు. ఊపిరి అందుతుంది గదా అని మనం స్పీడు పెంచుతం సూడు, సరిగ్గ అప్పుడు తగుల్తది. నేను మోసపోయింది అక్కడనే, ఒళ్లు బాగలేక గాదు, బాగుందనిపించి.

మళ్ల మొదలువెట్టినప్పుడు ఎట్ల మొదలువెట్టిననంటే, ఇంటి నుంచి ఈ కాలనీ కమాను దాక, మళ్ల ఇంటికి, అంతే. పది నిమిషాలు గూడ పట్టకపోతుండె. రెండు వారాలు అంతకన్న ఎక్కువ నడవలే. మా ఇంటామె నవ్వుతుండె, పాల పాకెట్ తెచ్చేటోడు గూడ నీకన్న ఎక్కువ నడుస్తుండు అని. నాకు గూడ కమాను కాడికి పోంగనే కాలు ముందటికి గుంజుతుండె, ఇంకింత పోదాం, ఆ వేపచెట్టు దాక పోదాం అని. వద్దని మర్రి వచ్చెటోన్ని. అట్ల మర్రి రావుడే కష్టమైన వ్యాయామం నాకు, నిజం చెప్తున్న. కానీ దానితోని ఏమైందంటే, తెల్లారి ఎప్పుడైతదా, ఎప్పుడు పోదునా అనిపిస్తుండె. అదే ఉరికినప్పుడు రాత్రి అలారం పెట్టేటప్పుడే యాష్టొచ్చేది. నిన్న ఎట్ల ఆపినమో అదే యాదికుంటది మనిషికి. ఆయాసపడి, కడుపుల తిప్పి ఆపితే అది యాదికుంటది, సంబురంగ ఆపితే అది యాదికుంటది.

ఇది నా సొంత తెలివనుకునేరు, కాదు. ఎనకటి ఆయుర్వేద వైద్యుడు వాగ్భటుడు అష్టాంగహృదయంల ఎప్పుడో చెప్పిపెట్టిండు, బలమున్నోడు, నెయ్యి నూనె మంచిగ తినేటోడు గూడ తన శక్తిల సగం వరకే వ్యాయామం చెయ్యాలె అని, అది గూడ చలికాలంల, వసంతంల, మిగతా కాలంల ఇంకా తక్కువ చెయ్యాలె అని. బలమున్నోనికే సగం అంటే షుగరున్న నాకెంత, బీపీ ఉన్న మీకెంత, లెక్కేసుకోండ్రి. మన పాలమూరు ఎండలల్ల అయితే ఏప్రిల్, మే నెలలు ఏడు దాటినంక బయట ఉండుడే వ్యాయామం.

ఇప్పుడు లెక్కల ముచ్చట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ల చెప్పింది పెద్దోళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు, ఓ మోస్తరు జోరుతోని, దానికి తోడు వారంల రెండు రోజులు కండలకు పని. ఓ మోస్తరు అంటే ఏందని మిషన్లు కొనుక్కోవద్దు, పక్కనోనితోని మాట్లాడుకుంట నడవగలుగుతున్నవు కానీ పాట ఎత్తుకుంటే మాత్రం రెండో చరణానికి ఊపిరి తెగుతుంది, అదే ఓ మోస్తరు. మాట గూడ వస్తలేదంటే జర తగ్గించు. ఇంక ఆ 150 అనేది చేరుకునే ఊరు, ఎక్కే బస్టాండు గాదు. అదే కాగితంల వాళ్లే రాసిన్రు, అసలు చెయ్యనిదానికన్న కొంచెం చేసినా మేలే, కొంచెంతోని మొదలువెట్టి మెల్లగ పెంచుండ్రి అని. ఎనకట ఒక్కసారికి కనీసం పది నిమిషాలన్న చెయ్యాలె అనే రూలు ఉండె, 2020ల దాన్ని గూడ తీసేసిన్రు, మెట్లెక్కింది, కూరగాయలకు నడిచి పోయింది అన్ని లెక్కకొస్తయి. ఈ ముచ్చట ఎవ్వరు వాట్సాప్‌ల పెట్టరు. 150 అనేదే పెడ్తరు.

రోజుకు 10,000 అడుగులు నడవాలె అనే పంచాయితీ ఇంకోటి. మన కాలనీల ఒక అక్క ఉంది, పేరు చెప్పను, ఇక్కడనే కూసోని నవ్వుతుంది. (నవ్వులు) రాత్రి పదకొండింటికి డాబా మీద చప్పుడైతుంటే దొంగలేమో అనుకొని నేను టార్చిలైటు వేసిన. చూస్తే అక్క. ఏందక్కా ఈ టైముల అంటే, 9,600 అయినయి తమ్మీ, 400 తక్కువున్నయి అంటది. ఆ 10,000 ఎక్కడ్నుంచి వచ్చిందనుకుంటున్నరు? డాక్టర్లు చెప్పింది గాదు. టోక్యో ఒలింపిక్స్ అయినంక 1965ల జపాన్‌ల ఒక అడుగులు లెక్కవెట్టే మిషన్ అమ్మిన్రు, దాని పేరే మాన్‌పో-కే, అంటే పదివేల అడుగుల మీటరు అని. అమ్ముకోనీకె పెట్టిన పేరు అది. తర్వాత 2019ల అమెరికాల పదహారు వేలకు పైన ముసలమ్మల అడుగులు లెక్కవెట్టి నాలుగేండ్లకు పైన చూసిన్రు, రోజుకు 2,700 నడిచినోళ్ల కన్న 4,400 నడిచినోళ్లల్ల సావులు తక్కువున్నయి, 7,500 దాక ఆ లాభం పెరిగింది, ఆడికెళ్లి పెద్దగ పెరగలే. అందుకని అక్కా, రాత్రి పండుకో నువ్వు. నిద్ర గూడ మందే.

మా మేనల్లుని సంగతి చెప్త, ఇది మాత్రం నవ్వే ముచ్చట గాదు. ఇరవై మూడేండ్లు, హైదరాబాద్‌ల ఉద్యోగం, పొద్దంత కుర్చీల. పెండ్లి కుదిరింది, రెండు నెలలల్ల కండలు రావాలె అని జిమ్ముల ఏడాది ఫీజు ఒక్కసారే కట్టిండు. మొదటి రోజే ఆ కోచ్ పిలగాడు, వాడు గూడ చిన్నోడే, బైఠకులు వందలకొద్ది తీయించిండు, నొస్తుంది అన్నా అంటే నొస్తేనే పెరుగుతయి అన్నడట. రెండు రోజులకు వీడు మంచం మీద నుంచి లేస్తలేడు, తొడలు బిర్రుగ ఉబ్బినయి, మూత్రం చాయ్ డికాక్షన్ రంగుల వస్తుంది. వాళ్లమ్మ వేడి చేసిందేమో అని సల్ల తాగించింది. నాకు ఫోన్ల ఆ రంగు చెప్పంగనే గుండె జల్లుమంది, ఉన్నఫళంగ దవాఖానకు పట్కపోండ్రి అన్న. రాబ్డోమయోలైసిస్ అంటరు దాన్ని, తట్టుకోలేనంత పని పడితే కండ చితికి దాంట్లున్నది రక్తంల కలుస్తది, అది కిడ్నీలను పాడుచేస్తది. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించిన్రు, కిడ్నీలు దక్కినయి. మీ పిల్లలు జిమ్ముకు పోతుంటే ఈ ఒక్క రంగు సంగతి చెప్పిపెట్టుండ్రి చాలు. మామూలు నొప్పులకు భయపడొద్దు, అది వేరే. మొన్న చైత్ర పున్నమికి నల్లమల అడివిల సలేశ్వరం జాతరకు పోయొచ్చినోళ్లు ఇండ్ల ఎంతమంది ఉన్నరు, చేతులెత్తుండ్రి. చూసిన్రా, వత్తన్నం లింగమయ్యా అనుకుంట లోయల దిగెటప్పుడు ఏం గాలే, తెల్లారి, ఎల్లుండి తొడలు వట్టేసినయి గదా. ఎక్కుడు వల్ల కన్న దిగుడు వల్లనే ఎక్కువ నొస్తయి, ఎందుకంటే దిగెటప్పుడు కండ సాగుకుంటనే బరువును ఆపాలె. అది మూడు నుంచి ఐదు రోజులల్ల తగ్గుతది, నడుసుకుంట ఉంటే నొప్పి జర తక్కువనిపిస్తది.

సెలైన్ అంటే యాదికొచ్చింది, మన పిల్లలమర్రి చెట్టుకు సెలైన్ పెట్టిన్రు యాదికుందా, 2018ల? చెదలు వట్టి కొమ్మ ఇరిగి పడ్డది. మొదలు మొద్దుకు రంధ్రాలు చేసి మందు పోసిన్రు, పోసింది పోసినట్టు బయటికి కారింది. ఆ తర్వాతనే సెలైన్ బాటిళ్లు, వందల బాటిళ్లు, కొమ్మ కొమ్మకు వేలాడదీసి చుక్క చుక్క ఎక్కించిన్రు. నేను పోయి గేటు అవుతల నిలబడి చూసిన, దవాఖాన వార్డు లెక్కనే ఉండె చెట్టు. నా మడిమ నరం తెగినంత పనైనప్పుడు మంచం మీద పండుకొని ఆ చెట్టునే తలుసుకునెటోన్ని. నేను చేసింది మొదటి పద్ధతి, ఒక్కసారే పోసిన.

ఇంక 21 రోజులు చేస్తే అలవాటైతది అంటరు. లండన్ల 96 మందిని పెట్టి చూసిన్రు, 2010ల అచ్చైంది ఆ పని, సగటున 66 రోజులు పట్టింది. ఒకనికి 18 రోజులకే కుదిరింది, ఇంకొకనికి 254 రోజులు పట్టేటట్టుందని లెక్క తేలింది, అంటే ఎనిమిది నెలల పైమాట. నీళ్లు తాగుడు లాంటి అల్కటి పని జల్ది అలవాటైంది, వ్యాయామానికి ఎక్కువ రోజులు పట్టింది. దాంట్ల నాకు నచ్చిన ముక్క వేరే ఉంది, నడుమ ఒక్కరోజు తప్పితే ఏం ఫరకు పడలే. పెండ్లికి పోయినవు, జ్వరమొచ్చింది, వాన పడ్డది, తప్పింది. తెల్లారి మళ్ల పోతే అయిపాయె. మనోళ్లు ఏం చేస్తరు, ఒక్కరోజు తప్పంగనే ఎట్లాగు తప్పింది గదా, సోమవారం నుంచి మొదలువెడ్త అంటరు. ఆ సోమవారం రాదు. (నవ్వులు)

అసలు మన ఆడబిడ్డలకు ఈ లెక్క ఎవ్వరు నేర్పకుండనే తెలుసు. బతుకమ్మ ఎట్ల ఆడుతరు? ఎంగిలిపూల నాడు చిన్న బతుకమ్మ, కాసేపు చప్పట్లు కొట్టి వస్తరు. రోజు రోజుకు పెంచుకుంట పోయి సద్దుల నాడు అర్ధరాత్రి దాక వంగి లేసి తిరుగుతనే ఉంటరు, అలసట ఉండదు. నడుమ ఆరోనాడు? అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఆడరు. తొమ్మిది రోజుల పండుగల గూడ రెస్టు పెట్టిన్రు మనోళ్లు. కండ పెరిగేది పనిచేసేటప్పుడు గాదు, ఆగినప్పుడు. నేను ముప్పై ఏండ్లు ట్రైనింగు మెటీరియల్ చదివి చెప్పిన ముచ్చట, మా అవ్వ పూలు పేర్చుకుంట చేసి చూపెట్టింది.

ఏందమ్మా? గట్టిగ అడుగు… ఇంట్ల పని మొత్తం నేనే చేస్తా, అది వ్యాయామం గాదా అంటున్నది చెల్లె. ఎందుకు గాదు, బరాబర్ అయితది. లండన్ డబుల్ డెక్కర్ బస్సులల్ల జెర్రీ మారిస్ అనే డాక్టరు 1953ల చూపెట్టిండు, కూసోని నడిపే డ్రైవర్ల కన్న మెట్లెక్కి దిగుకుంట టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ అని. వాళ్లేం పార్కుకు పోలే, డ్యూటీనే చేసిన్రు. కానీ చెల్లే, ఇంటి పనిల ఊపిరి పెరిగేటంత ఒక్క తీరు నడక తక్కువుంటది, ఒక్క భుజం, ఒక్క నడుమునే అరిగిస్తది, అందుకని ఒక ఇరవై నిమిషాలు బయటికి రా. నువ్వు వచ్చిన ఆ ఇరవై నిమిషాలు బోళ్లు ఎవరు తోమాలె అంటే, నీ పక్కనున్న మనిషి తలకాయ వంచుకున్నడు, ఆయనకు అర్థమైంది.

మా పెద్దక్క సంగతి ఒకటి చెప్పి ఆపుత, ఎండెక్కుతుంది. అక్కను మునుగోడు దిక్కు ఇచ్చినం. ఆ ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి కీళ్లు, నడుము బిగుసుకపోయినయి, డెబ్బై దాటింది, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరుగుతది. ఇప్పుడు మంచి నీళ్లు వస్తున్నయి గానీ ఒంట్ల వడ్డది పోదు గదా. ఆమెకు ఎవ్వడో యోగా చెయ్యమన్నడట, నేల మీద కూసోలేక ఏడ్చింది, ఇగ నాకు ఏం రాదు తమ్మీ అని మంచమెక్కింది. నేను పోయి వాకిట్ల తులసిగద్దె చుట్టు ఒక్క చుట్టు తిరుగు చాలన్న. గోడ వట్టుకొని ఒక్క చుట్టు. వారం అయినంక రెండు చుట్లు. నొప్పి పెరిగితే ఒకటి తగ్గించు, సిగ్గేం లేదు అన్న. మధ్యల పడిపోతనని భయపడి నెలరోజులు ఆపింది, మళ్ల ఒకటి నుంచే మొదలువెట్టింది. ఏడాదిన్నర అయింది ఇప్పటికి. మొన్న ఫోన్ చేసింది, పదకొండు చుట్లు తిరిగిన తమ్మీ, పన్నెండోది తిరగాలనిపించింది కానీ నువ్వు చెప్పినవని ఆగిన అన్నది.

సరే, చాయ్ వచ్చినట్టుంది. షుగరున్నోళ్లది పక్కన వేరే ఉంటది, చూసి తీసుకోండ్రి. రేపు బేస్తారం, నాకు అలిగిన రోజు, నేను రాను. సారు కనిపిస్తలేడు, ఏమైందో అని ఫోన్లు చెయ్యకుండ్రి.